చదివింది గుర్తుండడం లేదా? ముందు ఎక్కడ జారుతోందో చూడండి

చదివినదంతా మరిచిపోతున్నామని బాధపడే విద్యార్థుల్లో చాలామందికి జ్ఞాపకశక్తిలో లోపమేమీ ఉండదు. విషయం అసలు తలకెక్కలేదా, ఎక్కినా నిలవలేదా, నిలిచినా వేళకు అందడం లేదా అన్నది తేల్చుకోకుండా అన్నిటికీ మళ్లీ చదవడమే మందుగా వాడడంతోనే చిక్కంతా వస్తుంది.

సమస్య: పుస్తకం తెరిస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది, మూస్తే ఒక్క వాక్యమూ రాదు.

కారణం: చూసి పోల్చుకోవడం వేరు, చూడకుండా తలచుకోవడం వేరు. మళ్లీ మళ్లీ చదివితే పెరిగేది మొదటిదే. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండోసారి చదివారు, మరికొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారే మెరుగు, వారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం గడిచాక ఆ లెక్క తారుమారై, రాసినవారికి 56 శాతం, చదివినవారికి 42 శాతం గుర్తుంది. చదివిన వెంటనే కలిగే ధీమా ఎందుకు మోసం చేస్తుందో ఇక్కడే తెలుస్తుంది.

పరిష్కారం: ఒక భాగం పూర్తికాగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. తట్టకపోతే వెంటనే పుస్తకం తెరవకుండా కాసేపు పెనుగులాడండి, ఎందుకంటే పట్టు చిక్కేది ఆ పెనుగులాటలోనే. తర్వాత పుస్తకంతో సరిచూసి, వదిలేసినవాటిని వేరే రంగు సిరాతో చేర్చండి. మరుసటి సారి ముందుగా చూసుకోవలసినవి అవే.

సమస్య: నిన్న బాగా వచ్చింది, వారానికి తుడిచిపెట్టుకుపోయింది.

కారణం: మరుపు మొదటి గంటల్లోనే వేగంగా సాగి, తర్వాత నెమ్మదిస్తుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీదే చేసుకుని 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో, అర్థంలేని అక్షరాల కూర్పులను ఒక రోజు తర్వాత తిరిగి నేర్చుకుంటే మొదట పట్టిన శ్రమలో సుమారు మూడో వంతే ఆదా అయింది. అర్థమున్న పాఠం ఇంత త్వరగా జారదు గానీ, జారే తీరు ఇదే.

పరిష్కారం: ఒకే రోజు మూడు గంటలు కూర్చునే బదులు ఆ సమయాన్నే మరుసటి రోజుకు, మూడు నాలుగు రోజుల తర్వాతకు, మరో వారం తర్వాతకు పంచండి. ఈ గడువులు శాసనాలు కావు. కొంచెం కష్టపడితే గుర్తొచ్చేంత ఎడం ఉంటే చాలు.

సమస్య: పేజీ చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు.

కారణం: మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేవి కొన్నే, బహుశా నాలుగైదు అంశాలు. పక్కన ఫోన్ మోగుతుంటే అవీ చెదిరిపోతాయి. ఇక్కడ పోయింది జ్ఞాపకం కాదు, ధ్యాస.

పరిష్కారం: ఫోన్‌ను వేరే గదిలో పెట్టి, పాఠాన్ని చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను సొంత మాటల్లో చెప్పుకున్నాకే ముందుకు సాగండి.

సమస్య: దగ్గరి పోలికలున్న సూత్రాలు, నిర్వచనాలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి.

కారణం, పరిష్కారం: వాటిని విడివిడిగా నేర్చుకున్నారే తప్ప తేడాను నేర్చుకోలేదు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ విడిపోతాయో రాసుకోండి. ఒకే రకం లెక్కలు వరుసగా చేయకుండా వేర్వేరు రకాలను కలిపి చేయండి.

సమస్య: ఇంట్లో వచ్చినది పరీక్ష గదిలో రాదు.

కారణం: ఆందోళన, దానికి తోడు నిద్రలేమి. నేర్చుకున్నది మెదడులో స్థిరపడడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది కనుక, రాత్రంతా మేల్కొని చదవడం అంటే ఒక చేత్తో పోసి మరో చేత్తో ఒలకబోయడమే.

పరిష్కారం: గడియారం పెట్టుకుని, పుస్తకం చూడకుండా పాత ప్రశ్నపత్రాలు రాయండి. ముందురోజు కొత్త పాఠం జోలికి పోకుండా వేళకు పడుకోండి.

చదువులోనే కాక రోజువారీ పనుల్లోనూ మరుపు పెరిగి, విడవని నీరసమో దిగులో తోడైతే వైద్యుడిని కలవండి. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 కొరత, కుంగుబాటు కూడా మతిమరుపుగానే కనిపించవచ్చు.