బంగాళాఖాతం మీద నోటమ్ పడితే దాన్ని చదవడం ఎలా

విమానాలకు దారిలోని మార్పులు, ప్రమాదాలు తెలిపే నోటీసే నోటమ్; క్షిపణి పరీక్షకు ముందు ఆ దారికి రావద్దని హెచ్చరించేదీ ఇదే. టీవీలో ఎర్రటి మ్యాపు వచ్చేలోపే అందులోని అంకెలతో చాలా సంగతులు తేలిపోతాయి.

ముందు నోటమ్ అన్న మాట చివరి అక్షరం చూడండి. ఎన్ ఉంటే కొత్తది, ఆర్ ఉంటే పాతదాని బదులు వచ్చింది, సి ఉంటే రద్దు. రద్దయినవి కూడా వాట్సాప్‌లో హాయిగా తిరుగుతుంటాయి. సమయం 2501200330 అని ఉంటే 2025 జనవరి 20, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 03:30. ఐదున్నర గంటలు కలపండి, మనకు ఉదయం 9.

మూసేసే ప్రాంతాన్ని మ్యాపు మీద పెట్టెలా గీస్తారు; ఎక్కువ మంది తప్పేది దాని మూలల అక్షాంశ, రేఖాంశాల దగ్గర. 1730 అంటే 17.30 డిగ్రీలు కాదు, 17 డిగ్రీల 30 నిమిషాలు, అంటే 17.5. ఆ తేడాకే గీత 22 కి.మీ. పక్కకు పోతుంది. ఉత్తర దక్షిణాలుగా డిగ్రీకి 111 కి.మీ.; తూర్పు పడమరలుగా విశాఖ దగ్గర 106.

పెట్టె ఒడిశాలోని అబ్దుల్ కలాం దీవి దగ్గర మొదలైతే నేలమీది ప్రయోగం కావచ్చు. విశాఖకు ఎదురుగా సముద్రంలో మొదలైతే జలాంతర్గామిని అనుమానించండి. భారత్ అణు జలాంతర్గాములు అరిహంత్, అరిఘాత్ తయారైంది విశాఖలోనే. పెట్టె పొడవే క్షిపణి పరిధి అనుకోవద్దు: భద్రత కోసం అదనంగా మూస్తారు, నిటారుగా ఎగరేస్తే పెద్ద క్షిపణి కూడా దగ్గరే పడుతుంది.

ఇక దూరాలు. విశాఖ నుంచి ఇస్లామాబాద్ సుమారు 2,000 కి.మీ., బీజింగ్ 4,000. జలాంతర్గామి నుంచి వేసే, 750 కి.మీ. వెళ్లే కె-15 క్షిపణితో పాకిస్తాన్‌ను అందుకోవాలంటే జలాంతర్గామి అరేబియా సముద్రానికి వెళ్లాలి, అంటే ప్రత్యర్థి వేటాడే నీళ్లలోకి. 3,500 వెళ్లే కె-4కు ఆ అవసరం లేదు. బీజింగ్ మాత్రం ఇక్కడి నుంచి దానికీ అందదు. అందుకే ఇంకా పొడవైన పెట్టె కనిపిస్తే ఇస్లామాబాద్ కన్నా బీజింగ్‌ను తలుచుకోవడం న్యాయం.

నోటీసు లేదు కాబట్టి అంతా ప్రశాంతం అనుకోవడమూ పొరపాటే. భారత్, పాకిస్తాన్ల 2005 ఒప్పందం ప్రకారం కనీసం మూడు రోజుల ముందు చెప్పుకోవాల్సింది బాలిస్టిక్ క్షిపణుల (పైకి ఎగిరి వంపుగా వచ్చి పడేవి) గురించే. 2017లో పాకిస్తాన్ నీటి అడుగు నుంచి పరీక్షించిన 450 కి.మీ. బాబర్-3 క్రూయిజ్ రకం (విమానంలా తక్కువ ఎత్తులో ఎగిరేది), ఆ లెక్కలోకి రాదు.

మా మటుకు మేం ముందు చూసేది అరేబియా సముద్రంలోని చిన్న పెట్టెలే. భారత్, పాకిస్తాన్ నౌకాదళాల కాల్పుల విన్యాసాలు ఒకే వారంలో పడితే వాటి మధ్య దూరం కొలవండి. ఓడలు, జలాంతర్గాములు మూడు నాటికల్ మైళ్ల కన్నా దగ్గరికి రాకూడదని 1991 ఒప్పందం. అంటే ఐదున్నర కి.మీ. మాత్రమే. సముద్రంలో ఘటనలపై విడిగా ఒప్పందం చేసుకుందామని 1999లో లాహోర్‌లో రాసుకున్నారు, అది నేటికీ కుదరలేదు.