ఎండలు ముదరకముందే డయాలసిస్ పేషెంట్ ఉన్న ఇంట్లో చూసుకోవాల్సినవి

మార్చి నడుస్తుండగనే మా దిక్కు ఎండ సుర్రుమంటది, ఇంక మే నెల వచ్చిందంటే వరంగల్ అయినా రామగుండం అయినా 43, 44 డిగ్రీలు, రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయని పెద్దోళ్లు ఊకెనే అనలే. మంచిగున్నోళ్లే తట్టుకోలేరు, మరి వారానికి 3 సార్లు 4 గంటలు మెషిన్ మీద పండుకునేటోళ్ల సంగతేంది? మా బాపు డయాలసిస్‌కు పోవుడు మొదలువెట్టి ఇది నాలుగో ఎండాకాలం. మొదటి ఎండాకాలంల మేం చేసిన తప్పులు ఇంకో ఇంట్ల జరగొద్దనే ఇది రాస్తున్న. నేను డాక్టర్‌ను కాదు, పక్కన కూసొని చూసినోన్ని, మీ డాక్టర్ చెప్పిందే ఆఖరి మాట.

ఎండ జాగ్రత్తల కంటె ముందు ఒకటి అర్థం కావాలె, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని డాక్టర్లు అనేది. వంకాయ కోసి అట్లనే పెడితే కాసేపట్ల నల్లబడ్తది, అమ్మ అందుకే ఉప్పు నీళ్లల్ల వేస్తది. గాలి తగిలి అయ్యే అసొంటి పనే మన ఒంట్ల గూడ ఎప్పుడూ నడుస్తుంటది, కణాలను దెబ్బతీసే ఫ్రీ ర్యాడికల్స్ పుడుతుంటయి, వాటిని ఆపే సరుకు, అంటే యాంటీ ఆక్సిడెంట్లు గూడ ఒంట్లనే ఉంటయి గాబట్టి మనకు ఏం తెల్వది. డయాలసిస్ పేషెంట్లకు ఈ లెక్క తప్పుతది. కిడ్నీలు బయటికి పంపని విషాలు పేరుకుంటయి, రక్తం పోయి మెషిన్ ఫిల్టర్‌కు తగిలినప్పుడల్ల తెల్ల కణాలు ఇదేదో పరాయిది అని రెచ్చిపోయి ఫ్రీ ర్యాడికల్స్‌ను ఇంకిన్ని వదుల్తయి, అటు చూస్తే వాటిని ఆపే సరుకుల ఒకటైన విటమిన్ సి నీళ్లల్ల కరిగేది గనుక విషంతోని పాటు అది గూడ ఫిల్టర్ దాటి పోతది, పైనుంచి పొటాషియం ఎక్కువైతే గుండెకు ప్రమాదమన్న భయానికి పండ్లు కూరగాయలు తగ్గించి తింటరు. దెబ్బ రక్తనాళాలకు, గుండెకు తగుల్తది. రక్తం పెరిగే ఇంజక్షన్లు ఇస్తున్నా కొందరికి హిమోగ్లోబిన్ ఎక్కకపోవుడుల గూడ దీని చెయ్యి ఉంటది.

ఇది తెల్సినంక నేను చేసిన మొదటి పని, మెడికల్ షాపుకు పోయి విటమిన్ సి 500 చప్పరించే గోళీలు తెచ్చుడు. రోజుకు రెండు ఇచ్చిన బాపుకు, నారింజ రుచి ఉంటయని ఆయన గూడ ఇష్టంగనే చప్పరించిండు. పది రోజులకు డాక్టర్‌కు చూపెడితే స్ట్రిప్ పక్కన పెట్టేసిండు, కిడ్నీ పనిచెయ్యనోళ్లకు విటమిన్ సి ఎక్కువైతే ఆక్సలేట్‌గ మారి ఒంట్లనే పేరుకుంటది, ఇచ్చినా మామూలుగ రోజుకు 60 నుంచి 100 మిల్లీగ్రాములు దాటనియ్యం అన్నడు. మంచి చేస్తున్న అనుకొని నేను రోజుకు 1000 ఇచ్చిన! అందుకే చేతులు పట్టుకొని చెప్తున్న, యాంటీ ఆక్సిడెంట్ పౌడర్ అని, కిడ్నీని మళ్లీ పనిచేపిస్తదని, నాటు మందని, భస్మమని ఎవరు ఇచ్చినా డాక్టర్‌కు చూపెట్టకుండ నోట్ల వెయ్యకండి. ఐరన్ గోళీలు గూడ అంతే. ఐరన్ అవసరమే, కాని అవసరానికి మించితే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను పెంచేది అదే, ఒంట్ల ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ టెస్టు చూసి డాక్టర్లే డయాలసిస్ సిట్టింగ్‌ల ఎక్కిస్తరు.

ఇప్పుడు నీళ్ల సంగతి, ఎండాకాలంల అన్నిటికంటె పెద్ద కొట్లాట ఇదే. మూత్రం రోజుకు ఎంత వస్తదో దానికి అర లీటర్ కలుపుకొని తాగమంటరు సాధారణంగ, మీకు ఎంతనో మీ డాక్టర్‌ను అడగండి. మేం పొద్దుగాల్నే ఒక బాటిల్ల ఆ రోజు నీళ్లు పోసి పెడ్తం, చాయ్ తాగినా, మజ్జిగ తాగినా, అంబలి తాగినా అంత కొలిచి బాటిల్ల నుంచి పారబోస్తం. పెద్ద చెంబు తీసేసి చిన్న స్టీల్ గిలాస పెట్టినం. నోరు ఎండితే పుక్కిలించి ఊసుడు, ఒక ఐసు ముక్క చప్పరించుడు, నిమ్మకాయ చెక్క నాలుకకు రాసుకునుడు, వీటితోని బాపుకు చాన నయమైంది. అసలు దాహం పుట్టేది ఉప్పుతోని, కొత్త ఆవకాయ జాడి ఇంట్ల పెట్టుకొని నీళ్లు తక్కువ తాగు అంటే ఏ మనిషి ఆగుతడు చెప్పండి. షుగర్ ఉన్నోళ్లకు షుగర్ పెరిగినా దాహం ఆగది. రోజూ పొద్దున ఒకటే కాంటా మీద బరువు చూసుకోండి, డ్రై వెయిట్ మీద, అంటే ఎక్కువ నీళ్లు తీసేసినంక ఉండాల్సిన బరువు మీద, ఎంత ఎక్కిందో రాసి పెట్టుకోండి, ఒక డయాలసిస్‌కు ఇంకో డయాలసిస్‌కు నడుమ రెండు రెండున్నర కిలోలు దాటకుండ చూసుకునుడు మంచిది. మెషిన్ ఎక్కువ నీళ్లు ఒక్కసారే గుంజితే బీపీ పడిపోతది, పిక్కలు పట్టేస్తయి. చెమట బాగ పోయి బరువు తగ్గి కండ్లు తిరుగుతుంటే అది గూడ చెప్పాలె, ఆ రోజు నీళ్లు తక్కువ తీస్తరు.

కొబ్బరి బోండాం ముచ్చట మర్చిపోవద్దు. చూడవచ్చిన చుట్టాలు ప్రేమతోని తెచ్చేది అదే, ఎండ దెబ్బకు మంచిదని. దాంట్ల పొటాషియం బాగుంటది, డయాలసిస్ మనిషికి గుండె ఆగే దాక పోవచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్ల గూడ పొటాషియం ఉంటది, సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేదాంట్ల ఇంకా ఎక్కువ. స్టార్ ఫ్రూట్ అయితే ఒక ముక్క గూడ వద్దు, అది నేరుగ మెదడు మీద దెబ్బ కొడ్తది. అట్లని పండ్లు కూరగాయలు మొత్తం బందు పెట్టొద్దు, ఒంటికి కావాల్సిన సరుకు ఆడినుంచే రావాలె. ఆపిల్ ముక్కలు, పైనాపిల్ రెండు ముక్కలు, క్యాబేజీ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ లెక్క ప్రకారం పెడ్తం. మిగతా కూరగాయలు చిన్నగ కోసి చాన నీళ్లల్ల ఉడకపెట్టి ఆ నీళ్లు పారబోసి వండుతం, రుచి కొంచెం పోతది, ఏం చేస్తం. గుడ్డు తెల్లసొన మాత్రం తప్పనియ్యం.

మస్తు మంది అడగని విషయం ఒకటుంది. మెషిన్ల నిమిషానికి అర లీటర్ లెక్కన 4 గంటలకు 120 లీటర్ల నీళ్లు మన రక్తం పక్కపొంటి పోతయి, మధ్యల పల్చటి పొర ఒక్కటే అడ్డం. ఎండాకాలంల బోరు ఎండి ట్యాంకర్లు తెప్పిస్తే, ఆ నీళ్లల్ల క్లోరిన్, క్లోరమైన్ ఉంటే, ఆర్ఓ కంటె ముందుండే కార్బన్ ఫిల్టర్ సరిగ్గ పట్టకపోతే, ఎర్ర కణాలు పగిలిపోతయి, అది ఆక్సిడేటివ్ దెబ్బనే. లీటర్‌కు 0.1 మిల్లీగ్రాము కంటె తక్కువ ఉండాలె మొత్తం క్లోరిన్. టెక్నీషియన్‌ను "అన్నా, ఇయ్యాల క్లోరిన్ టెస్ట్ చేసిన్రా, నీళ్లు ఎక్కడియి" అని మంచిగ అడగండి. మొదటిసారి అడిగినప్పుడు నాకు గూడ మొహమాటమైంది, ఆ తమ్ముడు మాత్రం టెస్ట్ రిజిస్టర్ తీసి చూపెట్టిండు.

మే నెలల పెండ్లిల్లు ఎక్కువ, ఒక్క సిట్టింగ్ తప్పితే ఏమైతది అనుకుంటరు. వారంల వచ్చే రెండు రోజుల గ్యాప్ తర్వాతనే గుండె ఇబ్బందులు ఎక్కువ, ఇంక అది మూడు నాలుగు రోజులైతే ఎట్లనో ఆలోచించుండ్రి. ముందే చెప్తే సెంటర్ల రోజు మార్చి ఇస్తరు. ఎండకు భయపడేటోళ్లు పొద్దుగాల షిఫ్ట్ అడగాలె, తిరిగి వచ్చేటప్పుడు బీపీ తక్కువుంటది కనుక ఒక్కరినే మధ్యాహ్నం బస్సు ఎక్కించకండి, డయాలసిస్ రోజు బీపీ గోళీ ఎప్పుడు వెయ్యాలెనో అడిగి పెట్టుకోండి. బీడీ, చుట్ట తాగేటోళ్లు ఉంటే అది ఆపిపించుడు ఏ గోళీ కంటె పెద్ద పని, పొగ నేరుగ అదే స్ట్రెస్‌ను పెంచుతది. బాపు నలబై ఏండ్ల బీడీ బంద్ చెయ్యనీకి ఆర్నెల్లు పట్టింది.

డయాలసిస్ సూదులు పెట్టనీకి చేతిల రెండు రక్తనాళాలను కలిపి చేసేదే ఫిస్టులా, రోజూ పొద్దున దాని మీద వేళ్లు పెట్టి చూడాలె, లోపల జుమ్ముమని కదిలినట్టు తెలుస్తది. బీపీ బాగ పడి, ఒంట్ల నీళ్లు తగ్గినప్పుడు అది మూసుకపోవచ్చు, కదలిక తెలియకపోతే రేపు చూద్దాం అనకుండ అదే రోజు పరిగెత్తాలె. డయాలసిస్ కోసం మెడకు పెట్టిన పైపు ఉన్నోళ్లకు చెమటకు కట్టు తడుస్తుంటది, తడిస్తే సెంటర్ల మార్పించుకోండి, చలి పుట్టి జ్వరం వస్తే అది ఎండ దెబ్బ అని ఇంట్ల ఆగొద్దు. కాళ్లు చేతులు వశం తప్పినట్టయినా, గుండె లయ తప్పినా, పడుకుంటే ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేసి, ఎక్కంగనే ఈ మనిషి డయాలసిస్ పేషెంట్, ఫిస్టులా ఉన్న ఈ చేతికి సూది పొడవద్దు, బీపీ పట్టీ కట్టొద్దు అని చెప్పండి. మేం ఆ మాట రాసిన కాగితం బాపు అంగీ జేబుల పెట్టినం, డ్రై వెయిట్, రక్తం గ్రూపు గూడ దాని మీదనే.