అక్వేరియం నీళ్లు పచ్చబడితే ఏం చేయాలి?

ఇంట్లోని అక్వేరియం నీళ్లు పచ్చబడి, చేపలు గాజు దగ్గరికి వస్తే తప్ప కనిపించని స్థితి ఏర్పడినప్పుడు చాలామంది తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లూ గాజూ తోమి, కొత్త నీళ్లు నింపుతారు. దీనివల్ల చేపలు ఒక్కసారిగా కొత్త నీటిలో పడి బెదిరిపోవడమే కాక, వాటి వ్యర్థాలను విరిచే మేలుచేసే బ్యాక్టీరియా కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. ఇంత చేసినా కొద్ది రోజుల్లోనే నీళ్లు మళ్లీ పచ్చబడతాయి. ఎందుకంటే ఆ పచ్చదనం మురికి కాదు, నీటిలో తేలాడే ఏకకణ నాచు. వెలుతురు, నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాలు సమృద్ధిగా దొరికితే ఈ కణాలు ఒక్క రోజులోనే రెట్టింపు కాగలవు. సగం నీళ్లు తీసివేసినా మిగిలిన సగంలోని నాచు ఆ లోటును త్వరగానే పూడ్చుకుంటుంది. కాబట్టి నీళ్లు మార్చడం చికిత్సలో ఒక భాగం మాత్రమే. వెలుతురు ఆపి, నాచుకు అందే పోషకాలను తగ్గించడమే అసలు పని.

ముందుగా అది నాచేనని నిర్ధారించుకోవాలి. ఒక గాజు గ్లాసులో తొట్టి నీళ్లు తీసుకుని, వెనుక తెల్ల కాగితం పెట్టి చూడండి. లేత ఆకుపచ్చ ఛాయ కనిపించి, గంటసేపు కదపకుండా ఉంచినా తేరుకోకపోతే అది నాచే. కొత్తగా పెట్టిన తొట్టిలో నీళ్లు తెల్లగా మసకబారితే అది బ్యాక్టీరియా వల్ల వచ్చినది. మేత తగ్గించి, చేపలకు విషమైన అమ్మోనియా నీటిలో ఎంత ఉందో పరీక్షిస్తూ ఓపిక పడితే దానంతటదే తగ్గుతుంది. డికాషన్ రంగు వస్తే లోపల పెట్టిన కొయ్య నుంచి దిగిన టానిన్లనే రంగు పదార్థాలు కారణం. అవి చేపలకు హాని చేయవు. ఇక్కడ చెప్పబోయే చికిత్స ఈ రెండింటికీ పనికిరాదు.

పచ్చని నీటిలో చేపలకు ప్రమాదం ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. కైకలూరు, భీమవరం ప్రాంతాల ఆక్వా రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. చెరువులో ఆ పచ్చదనాన్ని వారు కావాలనే పెంచుతారు, ఎందుకంటే అదే చేపలకూ రొయ్యలకూ సహజమైన మేతకు ఆధారం. అయితే పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ నాచే రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కనుక, తెల్లవారేలోపు చేపలు పైకి తేలి నోళ్లు తెరవకుండా ఏరేటర్లు తిప్పుతారు. మన తొట్టిలోనూ ఇదే జరుగుతుంది. వేసవిలో పరిస్థితి మరింత కఠినం; 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద దాదాపు 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది. కనుక నీళ్లు పచ్చబడినట్టు గమనించిన క్షణం నుంచే ఎయిర్ పంపును రాత్రింబవళ్లు నడపాలి.

ఇక చికిత్స. మొదటి రోజు సగం నీళ్లు తీసి కొత్తవి పోయాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 54 లీటర్లు పడతాయి కాబట్టి 25 లీటర్లు మారిస్తే సరిపోతుంది. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు ఒక రోజంతా మూత లేని డ్రమ్ములో ఎయిర్ పంపు పెట్టి ఉంచాలి; లేదా అక్వేరియం దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ వాడాలి. కొత్త నీళ్లు చేతికి తొట్టి నీళ్లంత వెచ్చగానే తగలాలి. ఆ తరువాత లైటు ఆర్పి, నాలుగు వైపులా, పైనా మందమైన దుప్పటి కప్పి మూడు పూర్తి రోజులు అలాగే ఉంచాలి. పైభాగంలో గాలి ఆడేందుకు కాస్త సందు వదలాలి గానీ కిటికీ వెలుతురు మాత్రం పడకూడదు. ఫిల్టరూ ఎయిర్ పంపూ ఆగకూడదు. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఇస్తున్న తొట్టి అయితే దాన్ని ఆపేయాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మూడు రోజులు మేత లేకుండా నిక్షేపంగా ఉంటాయి. పిల్ల చేపలున్న తొట్టికి మాత్రం ఈ పద్ధతి వద్దు. మధ్యలో దుప్పటి తీసి చూడాలన్న ఆత్రుతను అణచుకోవాలి.

నాలుగో రోజు దుప్పటి తీశాక చేసే పని అన్నిటికంటే ముఖ్యం. చనిపోయిన నాచు కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అందుకే వెంటనే మరో సగం నీళ్లు మార్చాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా, తొట్టి నుంచి తీసిన నీళ్లున్న బకెట్‌లో ముంచి పిండాలి. అప్పుడు ఆకుపచ్చని జిగురు దిగిపోతుంది, బ్యాక్టీరియా మిగులుతుంది.

తొట్టి పెద్దదైతే, లేదా నాచు పదే పదే వస్తుంటే యూవీ స్టెరిలైజర్, అంటే అతినీలలోహిత కాంతినిచ్చే దీపమున్న పరికరం, కొనడం మంచిది. ఫిల్టర్ నీరు దాని గుండా ప్రవహించేటప్పుడు తేలాడే కణాలు చనిపోతాయి. స్పాంజికి పట్టుకుని ఉన్న బ్యాక్టీరియాకు నష్టం ఉండదు. వెలుగుతున్న దీపాన్ని మాత్రం నేరుగా చూడరాదు.

ఎవరైనా పటిక వేయమంటే వేయకండి. బురద నీటిని తేర్చడానికి అది పనికొస్తుంది గానీ, తొట్టిలో పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార స్థాయిని) హఠాత్తుగా పడగొడుతుంది. బ్లీచింగ్ పౌడర్ నేరుగా చేపలను చంపుతుంది. దుకాణాల్లో ఇచ్చే నీలి మందు, అంటే మిథిలీన్ బ్లూ, నాచుకు మందు కాదు. పైగా ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. రాగి కలిసిన నాచు మందులు తొట్టిలోని నత్తలకూ రొయ్యలకూ ప్రాణాంతకం.

నీళ్లు తేరుకున్నాక మొదటి వారం లైటు రోజుకు ఆరు గంటలే వేయాలి, ఆ తరువాత ఎనిమిదికి మించనివ్వకూడదు. టైమర్ స్విచ్ పెట్టుకుంటే మరచిపోయే అవకాశం ఉండదు. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన తొట్టి ఉంటే చోటు మార్చడమో, పరదా వేయడమో తప్పదు. మేత రెండు మూడు నిమిషాల్లో చేపలు తినేంతే వేయాలి. గోల్డ్‌ఫిష్ ఎక్కువ వ్యర్థాన్ని విడుస్తుంది, చిన్న తొట్టిలో వాటిని గుంపుగా పెంచితే ఏ చికిత్సా నిలవదు. మనీప్లాంట్ తీగ వేర్లను మాత్రమే నీళ్లలోకి దించి, ఆకులు పైన ఉండేలా కట్టండి. వేర్లు సాగే కొద్దీ అది నైట్రేట్‌ను పీల్చుకుంటుంది. నాకు బాగా నచ్చిన ఉపాయమిది.

ఇవన్నీ పాటించినా పచ్చదనం తిరిగి వస్తే మీరు పోసే నీటినే పరీక్షించండి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. నాచుకు అంతకంటే చాలా తక్కువే సరిపోతుంది. బోరు నీటిలో నైట్రేట్ ఎక్కువని తేలితే, ప్రతి వారం మార్చే నాలుగో వంతు నీటిలో సగం ఆర్వో నీరు కలపండి. ఒకేసారి మొత్తం ఆర్వో నీటికి మారితే ఖనిజాలు పడిపోయి చేపలు తట్టుకోలేవు కనుక, ఈ మార్పును కొన్ని వారాల పాటు మెల్లగా చేయాలి.