అక్టోబరు వాన రాకముందే: వ్యాక్స్ జాకెట్‌కు ఇంట్లో మైనం పట్టించేవాళ్లకు జాగ్రత్తలు

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ వచ్చిన మొదటి ఏడాది ఛారిటీ షాపులో ఒక పాత వ్యాక్స్ జాకెట్ కొన్నాను. అంటే వాన ఆగేలా నూలుబట్టకు మైనం పట్టించిన జాకెట్. ముదురాకుపచ్చ రంగు, కార్డురాయ్ కాలరు, జేబు అడుగున ఎవరిదో కుక్క బిస్కెట్ల పొడి. పాత బట్ట కదా అని తెచ్చీ తేగానే వాషింగ్ మెషీన్‌లో పడేశాను. 40 డిగ్రీలు పెట్టి, సబ్బుపొడి దండిగా వేశాను. తీసి చూస్తే గోనెసంచిలా వేలాడుతోంది. దాని మైనమంతా డ్రమ్ముకు పట్టి, మర్నాడు ఉతికిన ఆఫీసు చొక్కాలకు జిడ్డు మచ్చలు తేలాయి. ఏటా సెప్టెంబరులో చేత్తో మైనం పట్టించడం నేను నేర్చుకున్నది ఆ దెబ్బతోనే.

సెప్టెంబరే ఎందుకంటే, బట్ట వెచ్చగా ఉంటేనే మైనం నూలులోకి ఇంకుతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఇక్కడ మిగిలేది చలీ చీకటీ ముసురూ. ఎండ కాసిన రోజు ఒకటి చూసుకోండి. జాకెట్‌ను ఓ గంట ఎండలో వేలాడదీసి, అప్పుడు మొదలుపెట్టండి.

అన్నిటికంటే ముందు, మీ జాకెట్ మైనం పట్టేదేనా అని లోపలి లేబుల్ చూడండి. మనవాళ్లలో ఎక్కువమంది వేసుకునేవి, వాన నీళ్లను ఆపి చెమట ఆవిరిని బయటికి వదిలే గోర్‌టెక్స్ లాంటి పొర ఉన్నవి. వాటికి మైనం రాస్తే చెమట బయటికి పోయే దారి మూసుకుపోతుంది, జాకెట్ పాడవుతుంది. వాటికి వేరే స్ప్రేలు ఉన్నాయి. మైనం రాయాల్సింది మైనం నూలుబట్టకే. 1894లో ఇక్కడికి దగ్గర్లోని సౌత్ షీల్డ్స్‌లో మొదలైన బార్బర్ కంపెనీకి పేరు తెచ్చిన జాకెట్లు ఈ రకమే. మైనం కొనేటప్పుడు కూడా ఆ బట్టకు సరిపోయే డబ్బానే కొనండి. కొవ్వొత్తి కరిగించి కొబ్బరినూనె కలిపితే చాలదా అని అడిగేవాళ్లు ప్రతి ఏడూ ఒకరైనా ఉంటారు. చాలదు. ఉత్త కొవ్వొత్తి మైనం చలికి పెళుసెక్కి మోచేతి దగ్గర తెల్లగా పగులుతుంది. కొబ్బరినూనె కొన్నాళ్లకు కంపు కొడుతుంది.

కడగడానికి చన్నీళ్లు, స్పాంజి, అంతే. సబ్బు వద్దు, వేడినీళ్లు వద్దు, డ్రైక్లీనింగ్‌కు అసలే ఇవ్వొద్దు. బురద ఎండాక బ్రష్‌తో దులిపి, ఆ తరవాత తడిగుడ్డతో తుడవండి. మెట్ల కింద అలమారాలో ఏడాదంతా పడున్న జాకెట్టయితే ముందు వాసన చూడండి. ముక్కిన బియ్యం వాసన వచ్చిందంటే బూజు పట్టినట్టే. మాస్కు పెట్టుకుని, బయట దులిపి, తుడిచి, బాగా ఆరనివ్వండి. బూజు మీదే మైనం పూస్తే ఆ వాసన ఇక జాకెట్‌ను వదలదు. తడి పూర్తిగా ఆరకుండా పూసినా అంతే.

అసలు ప్రమాదం వంటింట్లో ఉంది. మైనం డబ్బాను నేరుగా పొయ్యి మీద పెట్టకండి. నీళ్లు కాచి, పొయ్యి కట్టేసి, గిన్నెను బల్ల మీదికి దించి, డబ్బా మూత తీసి అందులో నిలబెట్టండి. నీళ్లు డబ్బాకు సగం ఎత్తు చాలు. పది పదిహేను నిమిషాల్లో నెయ్యిలా కరుగుతుంది. మూత బిగించి వేడిచేస్తే లోపల ఒత్తిడి పెరిగి చిమ్ముతుంది. మైక్రోవేవ్‌లో రేకు డబ్బా పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. ఒకవేళ మైనం అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకండి. నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మంటను పైకప్పు దాకా ఎగదోస్తాయి. దగ్గరే ఉంచుకున్న పళ్లెం బోర్లించి, పొయ్యి వెలుగుతుంటే కట్టేసి, చల్లారేదాకా మూత ఎత్తకండి. మంట అదుపు తప్పితే ఆర్పుతూ కూర్చోకుండా అందరూ బయటికొచ్చి ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో వాళ్లు బడికెళ్లిన సమయంలోనే ఈ పని పెట్టుకోవడం మేలు. మిగిలిన మైనాన్ని సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది.

ఇంకో మాట. వెనకటి ఓడవాళ్లు తెరచాప గుడ్డలకు అవిసెనూనె పట్టించి కప్పుకునేవారు. అది పోనుపోను పసుపెక్కి, చలికి బిగుసుకుపోయేది. ఇప్పటికీ కొన్ని ఇంటి చిట్కాల్లో ఆ నూనె కనిపిస్తుంది. దాన్ని పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, అగ్గిపుల్ల అక్కర్లేదు. అలాంటి గుడ్డలను బయట పరిచి ఆరబెట్టాకే పారేయండి.

ఇక పూత. నేల మీద పాత దుప్పటి పరిచి, పాత బట్టలు కట్టుకోండి. మెత్తటి నూలుగుడ్డ కొసను మైనంలో ముంచి, భుజం కుట్టు దగ్గర మొదలుపెట్టి, గుండ్రంగా రుద్దండి. పాలిపోయిన చోటు రుద్దేకొద్దీ నల్లబడుతూ వస్తుంది. తడిసేది ముందు కుట్ల దగ్గరే కాబట్టి అక్కడ బొటనవేలితో అదిమి పట్టించండి. మోచేయి మడతలు, జేబు మూతల అంచులు, జిప్పు పక్క పట్టీ కూడా అంతే. కాలరుకు, లోపలి అస్తరుకు, జేబుల లోపలికి తగలనివ్వకండి. ఆపైన హెయిర్ డ్రయర్‌ను జానెడు దూరంలో పట్టుకుని ఆడిస్తుంటే తెల్లటి చారలు కరిగి బట్టలోకి దిగిపోతాయి. మిగిలినది పొడిగుడ్డతో తుడిచేయాలి. ఎంత ఎక్కువ పూస్తే అంత మంచిదన్న భ్రమ నాకూ ఉండేది. ఎక్కువైనదంతా బస్సు సీటుకు అంటుతుంది.

ఆరేయడానికి రాత్రంతా వెచ్చటి గదిలో, వెడల్పాటి హ్యాంగరుకు, గోడకు దూరంగా తగిలించండి. రేడియేటర్ మీద మాత్రం వేయకండి. తెల్లారి భుజం మీద చెంచాడు నీళ్లు పోసి చూడండి. చేమాకు మీద పోసినట్టు ఉండలుగా జారిపోవాలి. ఎక్కడైనా నీళ్లు ఇంకి మచ్చ తేలితే అక్కడ మళ్లీ రుద్దాలి. మొదటి వారం లేతరంగు సోఫా మీద, కారు సీటు మీద దీంతో కూర్చోకండి. పసిపిల్లను ఎత్తుకునేముందు విప్పేయండి.

ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో దీని పక్కన పట్టుచీర పెట్టొద్దని మా ఆవిడ రాయమంది. ఎందుకో నేను చెప్పను. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది తనకూ ఒకటి తెమ్మన్నాడు, బండి మీద వానకు పనికొస్తుందని. వద్దురా, మామూలు రెయిన్‌కోటు కొనుక్కో అన్నాను. జులై వానలో అది వేసుకుంటే బయట వానకు తడవకపోయినా లోపల చెమటకు తడుస్తాడు. ఇక మే నెలలో బీరువాలో పెట్టాడంటే, పక్క హ్యాంగర్ల బట్టలన్నిటికీ మైనం పట్టించేసినట్టే.