రికార్డు చేసిన వీడియో ఎడిటింగ్, 4వ పాఠం: ఒకే గొంతు రెండు ట్రాకుల్లో

పోయిన పాఠంలో రికార్డింగును టైమ్‌లైన్ మీదికి తెచ్చాం. వీడియో ఒక్కటే, దాని కింద ఆడియో ట్రాకులు మాత్రం రెండు కనిపిస్తున్నాయా? రెండింటిలోనూ అదే మాట వినిపిస్తున్నా, తొందరపడి ఒకదాన్ని డిలీట్ చేయకండి. మ్యూట్ చేస్తే చాలు. అవి అచ్చంగా ఒకటేనో కాదో తేలాకే తీసేయడం.

ముందు ఒకదాన్ని మ్యూట్ చేసి వినండి, తర్వాత రెండూ కలిపి వినండి. స్వరం మారకుండా శబ్దం మాత్రమే పెరిగి, ఆడియో మీటరు 6 డెసిబెల్స్ పైకి వెళ్తే అవి ఒకదానికొకటి నకళ్లు. గొట్టంలోంచి మాట్లాడినట్టు డొల్లగా ఉంటే ఒకటి కొన్ని మిల్లీసెకన్లు వెనకబడింది. మాట వెంట మాట విడిగా ప్రతిధ్వనిస్తే ఆ తేడా దాదాపు 30 మిల్లీసెకన్లు దాటిందనుకోవచ్చు.

ఆ డొల్లతనం ఎందుకంటే, 1 మిల్లీసెకను ఆలస్యమైతే 500 హెర్ట్జ్ తరంగం సరిగ్గా సగం చుట్టు వెనకబడి, మొదటిదాన్ని రద్దు చేస్తుంది. 1500, 2500 దగ్గరా అంతే. ఇవన్నీ మాట పలికే పరిధిలోనివే. రద్దయిపోయిన శబ్దాన్ని ఈక్వలైజరు (ఒక్కో స్థాయి స్వరాన్ని పెంచే, తగ్గించే సాధనం) వెనక్కి తేలేదు.

చెవిని నమ్మలేకపోతే రెండు ట్రాకుల వాల్యూమ్ సమానంగా పెట్టి, ఒకదానికి ఇన్వర్ట్ (తరంగాన్ని తలకిందులు చేసే) ఎఫెక్ట్ వేయండి. ఆడాసిటీ, ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ అది ఉంది. పూర్తి నిశ్శబ్దమైతే అవి నకళ్లే, ఒకటి నిశ్చింతగా తీసేయొచ్చు. పలచగా ఏదైనా మిగిలితే జరుగుదలో, వాల్యూమ్ తేడానో, వేరే మైకో ఉన్నట్టు.

ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన రికార్డింగుల్లో నకళ్లకు కారణం ఎక్కువగా ఒకటే. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ప్రతి సోర్సుకూ (మైకు, కంప్యూటర్ శబ్దం వంటివి) 1 నుంచి 6 వరకు అన్ని ట్రాకులకూ ముందే టిక్ ఉంటుంది. రికార్డింగ్ సెట్టింగుల్లో రెండు ట్రాకులు ఎంచుకున్నామంటే రెండింటిలోకీ అదే మిశ్రమం పోతుంది. మూడు ట్రాకులు ఎంచుకుని, 1లో అన్నీ, 2లో మైకు మాత్రమే, 3లో కంప్యూటర్ శబ్దం మాత్రమే ఉండేలా టిక్కులు తీసేయండి. చాలా ప్లేయర్లు మొదటి ట్రాకునే వినిపిస్తాయి కాబట్టి మిశ్రమాన్ని 1లోనే ఉంచడం మంచిది. ఎడిటింగులో మాత్రం 1 ఒక్కటే వాడండి, లేదా 2, 3 కలిపి వాడండి. మూడూ మోగితే ప్రతి శబ్దమూ రెండుసార్లు పడుతుంది.

డెస్క్‌టాప్ ఆడియోతో (కంప్యూటర్ మొత్తం శబ్దం) పాటు అప్లికేషన్ ఆడియో క్యాప్చర్ (ఒక్క ప్రోగ్రామ్ శబ్దం) కూడా ఆన్‌లో ఉంటే ఆ ప్రోగ్రామ్ శబ్దం రెండుసార్లు ఒకే ట్రాకులోకి కలిసిపోతుంది. దాన్ని ఎడిటింగులో విడదీయలేం. రికార్డింగుకు ముందే ఒకటి ఆపాలి.

కెమెరా మైకు, విడి రికార్డరు రెండూ వాడినప్పుడు కథ వేరు. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. 3 మీటర్ల దూరంలోని కెమెరాకు మాట దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మనిషి కదిలితే ఆ తేడా కూడా మారుతుంది. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు, అంటే ఫ్రేముల లెక్కన జరిపి ఎంత సర్దినా దాదాపు 17 మిల్లీసెకన్ల దాకా తేడా మిగలొచ్చు. రికార్డరు ట్రాకును పెదవుల కదలికకు సరిపెట్టుకుని కెమెరా ట్రాకును మ్యూట్ చేయడమే సరైన పని.

అభ్యాసం: 48,000 హెర్ట్జ్ (అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు, శబ్దం కొలతలు ఉన్న) క్లిప్పు ఒకటి తీసుకుని రెండో ట్రాకులో నకలు పెట్టి ఇన్వర్ట్ చేయండి. నిశ్శబ్దం వచ్చాక నకలును 48 శాంపిళ్లు, అంటే 1 మిల్లీసెకను జరపండి. తర్వాత ఇన్వర్ట్ తీసేసి వినండి. 24, 240, 1920 శాంపిళ్లతోనూ ఇదే చేసి, డొల్లతనం ఎక్కడ ప్రతిధ్వనిగా మారిందో రాసిపెట్టుకోండి. 5వ పాఠంలో ఆ అంకె అవసరమవుతుంది.