దుర్గమ్మకు తలనీలాలు ఇచ్చే ముందు

బ్లేడు కాగితం మీ కళ్లముందే విప్పాలి. దసరాకి, భవానీ దీక్షల విరమణకి ఇంద్రకీలాద్రి దగ్గర రద్దీ ఎలా ఉంటుందో తెలిసిందే, క్షురకులకూ తీరిక ఉండదు. అయినా మొహమాటపడకుండా అడగండి. బ్లేడును రెండుగా విరిచి సగమే కత్తిలో బిగిస్తారు. ఆ సగం మీకు ముందు ఇంకెవరి తల మీదా నడిచి ఉండకూడదు. పక్కన కూర్చున్న మీ పిల్లాడికి మళ్లీ కొత్తది.

డెట్టాల్ నీళ్లలో ముంచి తీశాం అంటే ఒప్పుకోవద్దు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలోనూ కనీసం 7 రోజులు బతుకుతుంది, కంటికి కనిపించనంత రక్తం చాలు. హెచ్‌ఐవీ బయట అంత మొండిది కాదు. దాని ముప్పు ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే ఎక్కువ.

తల మీద కురుపులుంటే మానేదాకా ఆగండి, అమ్మవారు ఎక్కడికీ పోరు.

గాటు పడితే సబ్బుతో కడగండి. పటిక మాత్రం రుద్దనివ్వద్దు, అది అందరి గాట్ల మీదా తిరిగిన ముక్క. వాడిన బ్లేడని తేలితే అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా మందు అవసరమో కాదో డాక్టరు చూస్తారు, అవసరమైతే 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. హెపటైటిస్ బి టీకా ఇదివరకు వేయించుకున్నారో లేదో కూడా చెప్పండి.