పాల పళ్లకి ఫిల్లింగా, క్యాపా?

"పాల పళ్లే కదా, ఎలాగూ ఊడతాయి" అని వదిలేయకండి. దవడ పాల పళ్లు 10-12 ఏళ్ల దాకా ఉండాలి. అప్పుడప్పుడు పిల్లల పైపెదవి ఎత్తి చూడండి. చిగుళ్ల అంచున సుద్దలాంటి తెల్ల గీత ఉంటే పుచ్చు మొదలైనట్టే. ఆ దశలో పంటికి పూసే ఫ్లోరైడ్ వార్నిష్‌తో ఆగే అవకాశం ఉంది.

గుంట పడిందా? ఏ మెటీరియల్ పెడతారో అడగండి. కాంపోజిట్ (పంటి రంగు రెసిన్ ఫిల్లింగ్) పెట్టాలంటే పన్ను పొడిగా ఉండాలి, కుదురుగా కూర్చోని పిల్లాడి నోట్లో అదెక్కడ సాధ్యం! గ్లాస్ అయనోమర్ అనే సిమెంట్ ఫిల్లింగ్ కాస్త తడిని తట్టుకుంటుంది, ఫ్లోరైడ్ కూడా వదులుతుంది, కాకపోతే త్వరగా అరుగుతుంది. రెండు దవడ పళ్ల సందులో పుచ్చితే నా ఓటు స్టీల్ క్యాప్‌కే, ఫిల్లింగ్ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. నొప్పి, చీము లేకపోతే హాల్ టెక్నిక్‌లో ఇంజెక్షన్, డ్రిల్లింగ్ లేకుండానే క్యాప్ తొడిగేస్తారు.